పైన నిలబడ్డ మనిషి

మా దిక్కు పిల్లవాడికి ఈత నేర్పాలంటే ముందు నీళ్లలోకి దింపేవారు కాదు, బాయి ఒడ్డున కూర్చోబెట్టేవారు. పెద్దలు ఈత కొడుతుంటే చూడాలి. ఎవరు ఎక్కడ దుంకారు, ఎక్కడ తేలారు, మెట్లు ఏ పక్కన ఉన్నాయి, రాతికట్టులో ఏ రాయి బయటికి పొడుచుకొచ్చింది, నీళ్ల కింద పాత మొద్దు ఏ మూలన పడి ఉంది, ఇవన్నీ కంటికి అలవాటు కావాలి. ఆ తర్వాతే నడుముకు మోకు. సుల్తానాబాద్ దగ్గరి మా ఊళ్లో నేను నేర్చుకున్న పద్ధతి ఇది. మంథని, జగిత్యాల, లక్సెట్టిపేట, చెన్నూరు దిక్కుల నుంచి వచ్చి నాతో బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లు కూడా కొద్దిపాటి తేడాలతో ఇదే చెప్పేవారు.

ఈ మధ్య మా మనవడు విశాఖపట్నంలో రుషికొండ దగ్గర స్కూబా నేర్చుకుంటానన్నాడు. ఇంట్లోవాళ్లు లోతు గురించి, చేపల గురించి, ఖర్చు గురించి అడిగారు. నేను అడిగింది ఒకటే: "నువ్వు దిగినంక పైన ఎవలుంటరు బిడ్డా?" వాడు తెల్లబోయి చూశాడు. నా నౌకరీ అంతా గోదావరిఖనిలో, అందులో ఎక్కువ భాగం గని రెస్క్యూ పనిలో గడిచింది. వీపున ఆక్సిజన్ సిలిండర్, నోట్లో గొట్టం, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని ఊపిరాడని చోటికి నడిచిపోవడం మా పని. ఆ పనిలోకి రాకముందే ఊరి బాయి దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి, లోపలికి పోయేవాడి ప్రాణం బయట నిలబడ్డవాడి చేతిలో ఉంటుందని. సముద్రంలో దిగే పని చరిత్ర చదివినా, గనుల చరిత్ర చదివినా, మా వ్యవసాయ బాయిల చరిత్ర తలుచుకున్నా నాకు ఆ మనిషే కనిపిస్తాడు. మా బాయిల దగ్గర ఆయన మెల్లగా మాయమయ్యాడు. గనుల్లో, సముద్రంలో ఎన్నో ప్రాణాలు పోయిన తర్వాత ఆయనను నియమం పెట్టి నిలబెట్టారు.

కరీంనగర్ పల్లెల్లో కాలువ నీళ్లు రాకముందు సాగంతా చెరువు కింద, బాయి కింద. బాయి అంటే ఇప్పటి బోరు గొట్టం కాదు. పది పన్నెండు గజాల వెడల్పున నలుచదరంగానో గుండ్రంగానో తవ్వి, లోపల రాతికట్టు కట్టి, ఒక పక్క కిందిదాకా మెట్లు దింపి, మరో పక్క మోట కోసం గిరక నిలిపేవారు. ఎడ్లు వాలులో దిగుతుంటే తోలుమోట నిండుగా పైకొచ్చేది, వెనక్కి నడుస్తుంటే లోపలికి జారేది. కోడి కూసే వేళకు మొదలైతే పొద్దెక్కేదాకా మోట కొట్టేవాడు బాయి మీదే ఉండేవాడు. ఎడ్లను అదిలిస్తూనే నీళ్ల మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు. చేతి కింద ఎప్పుడూ మోకు ఉండేది. పిల్లలు ఈతకు వచ్చినా ఆడవాళ్లు బట్టలు పిండుకోవడానికి వచ్చినా ఆయన చూపు దాటి పోయేవారు కాదు. ఆయనను కాపలా కోసం ఎవరూ పెట్టలేదు, జీతమూ లేదు. నీళ్లు తోడాలంటే మనిషి అక్కడ ఉండక తప్పదు. అంతే.

ఈత నేర్పే సామాను అంతా పెరట్లోదే. బాగా ఎండిన ఆనిగెపుకాయ బుర్ర, తేలికైన బెండు కట్టెలు. వాటిని పిల్లవాడి నడుముకు, వీపు మీదికి వచ్చేటట్టు కట్టేవారు. ముడి ఎప్పుడూ నేర్పేవాడే వేయాలి, పిల్లవాడి చేత వేయించకూడదు. ఈత వస్తున్నకొద్దీ పెద్ద బుర్ర తీసి చిన్నది కట్టేవారు, తర్వాత ఒక్క బెండు కట్టె, చివరికి ఉత్త మోకు. లారీ ట్యూబులు వచ్చినప్పుడు మా చిన్నాయిన వాటిని ఒప్పుకోలేదు. బుర్ర ఒంటికి కట్టి ఉంటుంది. ట్యూబును మాత్రం పిల్లవాడే పట్టుకోవాలి, చెయ్యి జారిందంటే ట్యూబు ఒక దిక్కు, పిల్లవాడు ఒక దిక్కు. ఇప్పుడు నీటి రక్షణ నేర్పేవాళ్లు గాలి బొమ్మలు, ట్యూబులు రక్షణ సామాను కావని, ఒంటికి బిగించిన లైఫ్ జాకెట్టే వేసుకోవాలని చెప్తున్నారు. మా చిన్నాయిన చదువుకోలేదు గాని ఆ తేడాను చూసి పట్టాడు.

ఈత వచ్చినవాడికి తర్వాతి పరీక్ష మునుగుడు. తెల్లరాయి ఒకటి విసిరి అడుగు నుంచి తెమ్మనేవారు. ఒకసారికి ఒక్కడే మునగాలి, మిగిలినవాళ్లు ఒడ్డున ఉండి లెక్కపెట్టాలి. లెక్క దాటితే ఈత బాగా వచ్చినవాడు దుంకాలి, అతని నడుముకు కూడా మోకు ఉండాలి. మునిగే ముందు పోరగాళ్లు గబగబా ఊపిరి తీసి వదిలేవారు, అలా చేస్తే లోపల ఎక్కువసేపు ఉండవచ్చని. చిన్నాయిన అది చూస్తే కేకలేసేవాడు: "కుక్క లెక్క రొప్పకుర్రి! ఒక్క దమ్ము తీసుకొని మునుగుర్రి." ఆయన కోపానికి కారణం నాకు రెస్క్యూ శిక్షణలో దొరికింది. ఊపిరి తీసుకోవాలన్న ఆరాటం ఒంట్లో ఆక్సిజన్ తగ్గినందుకు పుట్టదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు పుడుతుంది. రొప్పితే ఆ వాయువు బయటికి పోతుంది గాని ఆక్సిజన్ పెద్దగా పెరగదు. దాంతో నీళ్ల కింద ఆరాటం పుట్టకముందే స్పృహ తప్పుతుంది. మునిగినవాడికి కష్టం తెలియదు, ఒడ్డున ఉన్నవాళ్లకు చప్పుడు వినిపించదు. ఈత బాగా వచ్చినవాళ్లే ఇలా పోతుంటారు. ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లు ఒంటరిగా మునగరాదని లోకమంతా చెప్పేది ఇందుకే.

బాయిలో నీళ్లకంటే గాలి ఎక్కువమందిని తీసుకుపోయిన సందర్భాలున్నాయి. ఎండాకాలం పూడిక తీయడానికి దిగాలంటే, అందులోనూ వాడకం లేని పాత బాయి అయితే, ముందు కందిలి వెలిగించి తాడుతో దించేవారు. ఆరిపోతే ఎవరూ దిగరు. పచ్చని వేపకొమ్మలు గుత్తిగా కట్టి తాడుతో పైకీ కిందికీ చాలాసేపు ఊపేవారు, బకెట్లతో పైనుంచి నీళ్లు కుమ్మరించేవారు, మళ్లీ కందిలి దించేవారు. కుళ్లిన ఆకు, మట్టి ఆక్సిజన్‌ను తినేస్తాయి. గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలుస్తుంది. గాలిలో ఆక్సిజన్ సుమారు 17 శాతానికి పడిపోతే దీపం ఆరిపోతుంది. మనిషి కూలబడేది అంతకంటే ఇంకా తగ్గినప్పుడు. అంటే దీపం మనిషికంటే ముందు హెచ్చరిస్తుంది. కొమ్మలు ఊపడం వట్టి నమ్మకం కాదు, అడుగున నిలిచిన గాలిని కదిలించే పని.

తర్వాత మోట పోయింది. ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, వాటి వెనక కరెంటు మోటార్లు. నీటిమట్టం దిగినకొద్దీ ఇంజన్‌ను, మోటారును కూడా బాయిలోపలి అరుగు మీదికి దించారు. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, మనిషిని చంపేంత ఉన్నా దీపాన్ని ఆర్పదు. అంటే తరాలుగా నమ్మిన కందిలి ఇక్కడ అబద్ధం చెప్తుంది. పైగా ఒడ్డున ఇప్పుడు మనిషి లేడు. స్విచ్ వేస్తే నీళ్లు వస్తుంటే పొద్దంతా బాయి మీద నిలబడే పని ఎవరికుంటుంది? బాయిలోకి దిగాల్సిన అవసరం పెరిగిన కాలంలోనే పైన ఉండే మనిషి ఇంటికి పోయాడు. ఒకడు దిగి పడిపోతే అన్న దిగుతాడు, అన్న లేవకపోతే బావమరిది దిగుతాడు. ఒకే బాయిలో ఒకే ఇంటివాళ్లు ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మన పేపర్లలో ఎన్నిసార్లు చదివామో! ఆ చావుల్లో మొదటిది తెలియనితనం వల్ల, మిగిలినవి ప్రేమ వల్ల. అందుకే వాటి గురించి రాయడానికి నాకు చెయ్యి రాదు, రాయకుండా ఉండనూ లేను.

ఈ చెడు గాలుల లెక్కలు తేల్చినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. స్కాట్లాండ్‌లో పుట్టిన ఈ శాస్త్రవేత్త 1896లో సౌత్ వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గని పేలుడు తర్వాత లోపలికి పోయి చూశాడు. చనిపోయినవారిలో ఎక్కువమందిని చంపింది మంట కాదని, పేలుడు తర్వాత మిగిలిన కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చాడు. గనిలోకి చిట్టెలుకలను, కానరీ పిట్టలను తీసుకుపొమ్మని చెప్పింది ఆయనే. చిన్న ప్రాణి మనిషికంటే ముందు తూలిపోతుంది, వెనక్కి మళ్లడానికి వ్యవధి దొరుకుతుంది. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలు 1980ల దాకా పనిచేశాయి. ఇదే హాల్డేన్ బ్రిటిష్ నౌకాదళం కోసం మేకల మీద పరీక్షలు చేసి, లోతు నుంచి పైకి వచ్చే గజ ఈతగాడు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో పట్టికలు వేశాడు. అవి 1908లో అచ్చయ్యాయి. ఇప్పుడు స్కూబా చేసేవాడి మణికట్టు మీద కంప్యూటర్ చేసే లెక్కకు పునాది అదే. బొగ్గు గనిలో ఊపిరి గురించి తెలుసుకున్న మనిషే సముద్రంలో ఊపిరికి దారి చూపాడని మా శిక్షణలో విన్నప్పుడు నా పని మీద నాకు గౌరవం రెట్టింపైంది.

పరికరం సంగతీ ఇలాంటిదే. ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ ఫ్లూస్ 1870ల చివర ఒక శ్వాస యంత్రం చేశాడు. మనిషి వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను క్షారం పీల్చుకుంటుంది, తగ్గిన ఆక్సిజన్‌ను చిన్న సిలిండర్ నింపుతుంది, అదే గాలి మళ్లీ ఊపిరికి వస్తుంది. 1879లో సెవెర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగంలోకి నీళ్లు చొచ్చుకొచ్చాయి. లోపల సుమారు 300 మీటర్ల దూరాన ఉన్న ఇనుప తలుపు మూస్తే తప్ప తోడడం కుదరదు. 1880లో అలెగ్జాండర్ లాంబర్ట్ అనే గజ ఈతగాడు మొదట మామూలు గాలి గొట్టంతో పోయాడు. అంత పొడుగు గొట్టం చీకట్లో, శిథిలాల మధ్య కదలక అతన్ని వెనక్కి లాగింది. తర్వాత ఫ్లూస్ యంత్రం తగిలించుకుని పోయి తలుపు మూసి వచ్చాడు. అదే కాలంలో ఆ యంత్రాన్ని సీహం గనిలో పేలుడు తర్వాత వాడారు. నీళ్లకూ పొగకూ ఒకే యంత్రం పనికొచ్చింది. దాన్నే బాగుచేసి తర్వాత గనులకు 'ప్రోటో' అనే పరికరం చేశారు. జర్మనీలో డ్రేగర్ కంపెనీ తన పరికరాలు తెచ్చింది. 1906 మార్చిలో ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో 1,099 మంది చనిపోయినప్పుడు సరిహద్దు దాటి వచ్చిన జర్మన్ రెస్క్యూ కార్మికులను చూసి యూరప్ అంతా ఈ శిక్షణ అవసరాన్ని గుర్తించింది. సముద్రంలో ఇప్పుడు అందరూ వాడే రకం వేరు. కూస్తో, గాన్యాఁ 1943లో ఫ్రాన్స్‌లో చేసిన ఆక్వాలంగ్ దానికి మూలం. అందులో వదిలిన గాలి బుడగలై బయటికి పోతుంది.

మన దేశంలో 1936 డిసెంబరులో బెంగాల్ బొగ్గు ప్రాంతంలోని పోయిదీ గనిలో 209 మంది చనిపోయారు. ఆ తర్వాత 1939లో గని రెస్క్యూ నిబంధనలు వచ్చాయి. వాటి తర్వాత 1985 నిబంధనలు వచ్చాయి. మా సింగరేణి బొగ్గు గనుల్లో రెస్క్యూ స్టేషన్ అంటే పరికరాలు దాచిన గది అనుకోవద్దు. అక్కడ పొగ, వేడి, ఉక్క నింపిన గ్యాలరీ ఉంటుంది. అందులో వీపున పరికరంతో పాకాలి, నిచ్చెన ఎక్కాలి, స్ట్రెచర్ మోయాలి. నోట్లో గొట్టం ఉంటే మాట రాదు. మాట కోసం గొట్టం తీస్తే అదే చివరి మాట కావచ్చు. అందుకే సైగలు, హారన్ మోతలు. ఎవరి సిలిండర్‌లో ఎంత ఉందో కెప్టెన్ పదే పదే చూస్తాడు. అందరిలోకి తక్కువ ఉన్నవాడి లెక్క ప్రకారమే జట్టంతా మళ్లుతుంది, పనికి ఎంత దగ్గరగా వచ్చినా సరే. నీటి గుహల్లోకి పోయే ఈతగాళ్లు కూడా ఇలాగే లెక్కకడతారు: గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన వంతు ఆపదకు.

అన్నిటికంటే ముందు వేసేది ఫ్రెష్ ఎయిర్ బేస్. మంచి గాలి ఉన్న చివరి చోట రెండో జట్టు పరికరాలు తగిలించుకుని కూర్చుంటుంది. టెలిఫోన్ ఉంటుంది, గడియారం చూసి రాసేవాడుంటాడు. లోపల తమ్ముడే ఉన్నా ఆ జట్టు ఆజ్ఞ లేనిది కదలదు. కుర్రవాళ్లకు నేర్పడంలో అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే. ధైర్యం ఉన్నవాడికి కూర్చోవడం చేతకాదు. లోపలికి పోయినవాళ్లకు చప్పట్లు కొట్టేవాళ్లు ఉంటారు గాని, ఆ బేస్‌లో ఒళ్లంతా చెమటతో నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నవాళ్ల పేర్లు ఎక్కడా రాయరు. నా దృష్టిలో ఆ ఉద్యోగమే పెద్దది.

నీళ్లు వచ్చిపడితే మాత్రం మా పరికరాలకు పరిమితి ఉంది. అవి పొగ కోసం, విషవాయువు కోసం చేసినవి. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గనిలోకి పాత నీళ్లు దూసుకొచ్చి 370 మందికి పైగా చనిపోయారు. వారాల తరబడి తోడితే గాని లోపలికి పోలేకపోయారు. మా గోదావరిఖనిలోనే 2003 జూన్ 16న 7ఎల్ఈపీ గనిలో నీటి ప్రమాదం 17 మందిని తీసుకుపోయింది. ఆ వారం ఈ ఊళ్లో ఏ ఇంటి పొయ్యీ సరిగ్గా వెలగలేదు. నీళ్లు నిలిచిన పాత పనులు 60 మీటర్ల లోపు ఉంటే అనుమతి లేకుండా ముందుకు తవ్వరాదని, ముందుగా సన్నటి రంధ్రాలు వేసి నీళ్లున్నాయో లేవో చూడాలని బొగ్గు గనుల నిబంధనల్లో 1957 నుంచీ ఉంది. నీటి విషయంలో రెస్క్యూ అంతా ప్రమాదానికి ముందే జరగాలి. తర్వాత చేసేది చాలావరకు వెతకడమే.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి, నీళ్లతో, బురదతో 8 మంది చిక్కుకున్నప్పుడు సింగరేణి రెస్క్యూ జట్లు, నౌకాదళ కమాండోలు, సైన్యం, జాతీయ విపత్తు స్పందన దళం ఒకే నోటి నుంచి లోపలికి పోయారు. టీవీలో చూస్తూ మా పాత జట్టువాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. అందరూ అడిగింది ఒకటే: పైకప్పు నిలుస్తుందా, బేస్ ఎక్కడ పెట్టారు, వెనక్కి దారి ఉందా? బయట జనం ఎందుకింత ఆలస్యం అని అడిగారు. ఆ 8 మంది ఇళ్లవాళ్లు అడగడంలో తప్పేముంది? కాని అలాంటి చోట తొందర ఇంకో 8 మందిని అడుగుతుంది.

మనవడికి నేను చివరగా చెప్పింది, బాయిలో నేర్చినవాడు స్కూబాకు పోతే మరిచిపోవాల్సిన ఒక అలవాటు గురించి. బాయిలో మనం పైన తీసుకున్న ఒక్క ఊపిరితో మునుగుతాం. అడుగున అది నొక్కుకుపోతుంది, పైకి వస్తే మళ్లీ మునుపటంతే అవుతుంది. బిగబట్టినా నష్టం లేదు. స్కూబాలో అలా కాదు. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ నుంచి తీసుకున్న ఊపిరి అక్కడి ఒత్తిడికి తగ్గ గాలి. దాన్ని బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో అది రెట్టింపు జాగా అడుగుతుంది, ఊపిరితిత్తి చిరుగుతుంది. అందుకే వాళ్ల మొదటి పాఠం ఊపిరి ఎప్పుడూ బిగబట్టవద్దని. భయం వేస్తే బిగబట్టడం మన బాయి పిల్లల నరాల్లో ఉంది. పడవ ఎక్కకముందే, నడుము లోతు నీళ్లలో ఆ అలవాటు తీసేసుకొమ్మని చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. తోడు వచ్చేవాడి సిలిండర్ మీటరు కూడా నువ్వే చూడాలని, అతనితో నీది చూపించుకోవాలని కూడా చెప్పాను.

ఊళ్లో ఉన్న పిల్లలకు మాత్రం ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు. 1963లో పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది, తర్వాత కాకతీయ కాలువ వచ్చింది, కరీంనగర్ పక్కన దిగువ మానేరు జలాశయం నిండింది. పొలాలకు మేలు జరిగింది, కాదనను. బోర్లు పడ్డకొద్దీ పాత బాయిలు ఎండాయి, చాలావాటిని మట్టితో పూడ్చారు. ఈత నేర్పే చోటు పోయింది గాని పిల్లలకు నీళ్ల మీది మోజు పోలేదు. ఇప్పుడు వాళ్లు పోతున్నది కాలువలకు, మానేరు చెక్‌డ్యాములకు, గ్రానైట్ క్వారీ గుంతలకు. టాన్ బ్రౌన్ రాయి పేరుతో మన కరీంనగర్ గుట్టలు ఓడలెక్కి దేశాలు దాటాయి. అవి వదిలిపోయిన గుంతల్లో వానకు నీళ్లు నిండాయి. కోసిన రాతి గోడలు నిట్టనిలువుగా, నున్నగా ఉంటాయి. మెట్టు లేదు, పట్టు లేదు, ఒడ్డు నుంచి అడుగు వేస్తే రెండు మూడు నిలువుల లోతు. మోట బాయిలో మునిగేవాడు కాలు చాపితే మెట్టు తగిలేది. ఇక్కడ ఏమీ తగలదు.

వదిలేసిన గని నోటి చుట్టూ కంచె ఉండాలని గనుల నిబంధనలు చెప్తాయి. ఆ కంచె వేయించడం పంచాయతీలు, గనుల శాఖ వెంటపడి చేయించాల్సిన పని. కంచె దాటే పిల్లలు ఎప్పుడూ ఉంటారు కాబట్టి, ప్రతి గుంత దగ్గర నీళ్లదాకా అందే ముళ్లమోకు ఒకటి, ఒక పొడుగాటి వెదురు, మూత బిగించిన ఖాళీ క్యాన్ ఒకటి గోడకు కట్టి ఉంచాలి. ముళ్లమోకు అంటే మూరకొక ముడి వేసిన మోకు, తడి చేతికి జారదు. మునుగుతున్నవాడి కోసం ఈత రానివాడు దుంకకుండా, ఒడ్డు మీదే బోర్లా పడుకుని ఆ వెదురు చాపాలి. ఇది పిల్లలకు బడిలో ఒక్క పూటలో నేర్పవచ్చు. నేర్పడానికి మా రెస్క్యూ స్టేషన్ నుంచి రిటైరైనవాళ్లం గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లలో ఇంకా చాలామందిమి ఉన్నాం. పిలిస్తే వస్తాం.